అట్టడబ్బాలో నాణెములు

శ్రీరాముడు సముద్రముపై వారధి కట్టించునపుడు ఒక ఉడుత ఇసుకలో పొరలి, తన ఒడలికంటిన రేణువులను వారధిపై దులిపెనని మన పెద్దలు చెప్పుదురు. కొండలను మోయు వానరవీరుల నడుమ ఆ చిన్నప్రాణి చేసిన సాయమెంత? అయినను నేటికిని మనము శక్తికొలది చేయు సాయమును 'ఉడుతాభక్తి' అనియే పిలుచుచున్నాము. ప్రభుత్వములు, ధనవంతులు చేయవలసిన గొప్ప కార్యములలో బడిపిల్లలు చేయగలిగినదేమి యని కొందరడుగుదురు. వారికి ఈ క్రింది రెండు కథలే సమాధానము.

రెండవ ప్రపంచయుద్ధము 1945లో ముగిసినది. ఎన్నో దేశములలో ఇండ్లు కూలెను, పంటలు నశించెను. తల్లిదండ్రులను కోల్పోయిన పిల్లలు, చలికి బట్టలు లేని పిల్లలు, పాలచుక్కకు నోచుకొనని పిల్లలు లక్షలకొలది ఉండిరి. వారిని ఆదుకొనుటకై ఐక్యరాజ్యసమితి 1946 డిసెంబరు 11వ తేదీన ఒక బాలల నిధిని నెలకొల్పినది. దానినే మనము 'యూనిసెఫ్' అందుము. ప్రభుత్వములును, ప్రజలును మనసార ఇచ్చు విరాళములే దానికి ఆధారము.

ఆ కాలమున అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున మేరీ ఎమ్మా ఆలిసన్ అను ఉపాధ్యాయురాలు ఉండెను. ఒకనాడు వేషములు ధరించిన బాలల ఊరేగింపు ఒకటి ఆవును వెంటబెట్టుకొని వీథిలో పోవుట ఆమె చూచెను. ఆమె దానిని వెంబడించి పోగా, ఒక పెద్ద అంగడిలో, పిల్లలకు పాలపొడి పంపుటకై యూనిసెఫ్ వారు విరాళములు స్వీకరించు చోటు కనబడెను. ఆమె మనస్సున ఒక ఆలోచన మెరసినది.

అమెరికాలో అక్టోబరు 31వ తేదీన హాలోవీన్ అను పండుగ జరుగును. ఆ రాత్రి పిల్లలు వింత వేషములతో ఇంటింటికి పోయి మిఠాయిలు అడిగి తెచ్చుకొందురు. మన పల్లెలలో పూర్వము దసరా దినములలో పిల్లలు విల్లంబులు చేతబట్టి, పంతులుగారి వెంట ఇల్లిల్లు తిరిగి, పాటలు పాడి పప్పుబెల్లములు పొందెడివారు. వారిదియు అట్టి వేడుకయే. మిఠాయిలకు బదులుగా, ఆకలిగొన్న పిల్లల కొరకు నాణెములు అడిగిననేమి? ఆమెయు, ఆమె భర్త క్లైడ్ ఆలిసనును 1950లో ఈ ఆలోచనను ఆచరణలో పెట్టిరి. పాలు పోసి అమ్ము అట్టడబ్బాలు ఖాళీ అయిన పిదప వానిని అలంకరించి తమ పిల్లలకును, ఇరుగుపొరుగు పిల్లలకును ఇచ్చిరి. మొదటి ఏట చేరినది 17 డాలర్లు మాత్రమే!

అయినను ఆ అలవాటు ఊరినుండి ఊరికి ప్రాకెను. నేటివరకు ఆ దేశపు పిల్లలు ఇట్లు కూర్చిన ధనము పదికోట్ల డాలర్లకు మించినది.

ఇట్టి విరాళములతో నడచు నిధి మన దేశమునకును తోడ్పడినది. నేటి గుజరాతులోని ఆనంద్ పట్టణమున పాడిరైతుల సహకార సంఘము పాలపొడి తయారుచేయు కర్మాగారమును కట్టదలచినపుడు యూనిసెఫ్ యంత్రములను ఇచ్చెను. బదులుగా ఆ సంఘము బీదపిల్లలకు ఉచితముగా పాలు పంచుటకు అంగీకరించెను. 'అమూల్' అను పేరుతో దేశమంతట తెలిసిన సంఘమిదియే. జవహర్‌లాల్ నెహ్రూ ఆ కర్మాగారమును ప్రారంభించిన దినము 1955 అక్టోబరు 31. ఆ రాత్రియే అమెరికాలో పిల్లలు డబ్బాలు పట్టుకొని గడప గడప తిరుగుచుండిరి!

రెండవ కథ కెనడా దేశమునకు చెందినది. 1998లో ర్యాన్ హ్రెల్జాక్ అను ఆరేండ్ల బాలుడు ఒకటవ తరగతి చదువుచుండెను. ఆఫ్రికాలో పిల్లలు మంచినీటికై ఎంతో దూరము నడువవలసి వచ్చుచున్నదనియు, 70 డాలర్లున్న ఒక బావి త్రవ్వింపవచ్చుననియు ఉపాధ్యాయురాలు తరగతిలో చెప్పెను. ఆ సొమ్ము ఇమ్మని బాలుడు తల్లిదండ్రులను అడిగెను. ఊరక ఇయ్యము, పనిచేసి సంపాదించుకొమ్మని వారు చెప్పిరి. అతడు ఇల్లు ఊడ్చెను, కిటికీలు తుడిచెను. నాలుగు నెలలకు 70 డాలర్లు కూడినవి. కాని సేవాసంస్థకు పోయి చూడగా, ఆ సొమ్ము చేతిపంపునకు మాత్రమే సరిపోవుననియు, బావికి రెండువేల డాలర్ల వరకు కావలెననియు తెలిసినది. బాలుడు వెనుదీయలేదు. ఇంకను పనిచేసెదననెను. అతని పట్టుదల చూచి ఇతరులును చేయి కలిపిరి. 1999లో ఉగాండా దేశమున అంగోలో ప్రాథమిక పాఠశాల ప్రక్కన ఆ బావి వెలసినది.

విద్యార్థులారా! మీ పాఠశాలలోను ఇట్టి నిధిని కూర్చవచ్చును. పాత వార్తాపత్రికలను సేకరించి అమ్మవచ్చును. బడితోటలో ఆకుకూరలు పండింపవచ్చును. బొమ్మలు వేయనేర్చినవారు సంక్రాంతికి శుభాకాంక్షల కార్డులు చిత్రించి అమ్మవచ్చును. నాటకము ప్రదర్శించి టిక్కెట్లు పెట్టవచ్చును. ఏదియు లేనివారు వారమున కొకనాడు చిరుతిండి మాని, ఆ పైకము వేయవచ్చును. చెమటోడ్చి తెచ్చిన రూపాయి, అడుగగానే తండ్రి జేబునుండి వచ్చిన పది రూపాయలకంటె విలువైనది.

అయితే కొన్ని నియమములను మరువరాదు. ప్రధానోపాధ్యాయుని అనుమతి పొందవలెను. ర్యాన్ కథను తలచుకొని, కావలసిన మొత్తమెంతయో ముందే విచారింపవలెను. ఇంటింటికి పోవునపుడు పెద్దలు తోడుండవలెను. ఎవరెంత ఇచ్చిరో తరగతిలో చదివి వినిపింపరాదు. ఈయలేని తోటివాని మనస్సు నొచ్చును. సాయము పొందు పిల్లలును మనవంటివారే. వారిని నలుగురిలో నిలబెట్టి చూపుట తగదు. డబ్బును ఇద్దరు కలిసి లెక్కింపవలెను. జమాఖర్చులు వ్రాసి అందరికి కనబడునట్లు గోడపై అంటింపవలెను.

మీరు ఒక ఇంటిముందు నిలిచినపుడు, కూలిపని చేసికొను ఒక ముసలమ్మ కొంగుముడి విప్పి రెండు రూపాయల నాణెము మీ డబ్బాలో వేసెననుకొనుడు. ఆమె రసీదు అడుగదు. ఏ పిల్లలకని ప్రశ్నింపదు. మీ ముఖము చూచి ఇచ్చును. ఆ నాణెముతోపాటు తన నమ్మకమును మీ చేతిలో పెట్టును. అందులో ఒక్క పైస దారితప్పినచో, మరుసటి ఏడు ఆ తలుపు తెరువబడదు. దానివలన ఎక్కడనో ఒక పసివాని పాలగ్లాసు నిండదు. ఆ నాణెము చేరవలసిన చోటికి చేర్చి, లెక్క చూపిననాడే మీ ఉడుతాభక్తి సార్థకమగును.

ప్రశ్నలు
1. మేరీ ఎమ్మా ఆలిసన్‌కు కలిగిన ఆలోచన ఏమి? అది ఎట్లు వ్యాపించినది?
2. ర్యాన్ 70 డాలర్లు కూర్చిన పిదప తెలిసికొన్న విషయమేమి? దానినుండి మనము నేర్చుకొనవలసినదేమి?
3. విరాళముల లెక్కను అందరికి చూపుట ఎందుకు అవసరము?