ముందు గార తీయించాలి

పళ్ళు తోముకుంటుంటే ఉమ్మిలో నెత్తురు కనపడుతుంది. చాలామంది ఆడవాళ్ళు దీన్ని పట్టించుకోరు. నొప్పి లేదు కదా అని ఊరుకుంటారు. కాని అది చిగుళ్ళ జబ్బుకు తొలి గుర్తు.

ఈ జబ్బు ఎలా వస్తుంది?

మన నోట్లో కంటికి కనపడని క్రిములు కోట్లలో ఉంటాయి. అవి పళ్ళ మీద మెత్తటి పొరలా పేరుకుంటాయి. అదే పాచి. సరిగా తోమితే పాచి పోతుంది. తోమకపోతే ఉమ్మిలోని సున్నం చేరి గట్టిపడుతుంది. నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా పొర కడుతుంది చూశారా? ఇదీ అలాంటిదే. దీన్ని గార అంటారు. గార బ్రష్షుకు రాదు. వేపపుల్లకూ రాదు.

గార పట్టిన చోట చిగుళ్ళు వాస్తాయి. పంటికీ చిగుళ్ళకూ మధ్య సందు పడుతుంది. సందులో క్రిములు పెరుగుతాయి. పంటిని పట్టి ఉంచే ఎముక అరిగిపోతుంది. చివరికి పుచ్చని పన్ను కూడా కదిలి ఊడిపోతుంది.

చుట్ట, బీడీ, గుట్కా వాడేవారికి ఈ జబ్బు ఎక్కువ. షుగరు ఉన్నవారికీ ఎక్కువే. కడుపుతో ఉన్నప్పుడు కూడా చిగుళ్ళు తొందరగా వాస్తాయి.

వైద్యం ఏమిటి?

పంటి డాక్టరు పరికరంతో గార తీస్తారు. దీన్ని స్కేలింగ్ అంటారు. చాలామందికి ఇదంటే భయం. డాక్టరు దగ్గర ఇలా అడుగుతారు:

“డాక్టరమ్మా, గార తీయిస్తే పళ్ళు కదులుతాయంట గదా?”

“గార తీయడం వల్ల కదలవమ్మా. లోపల ఎముక ముందే అరిగింది. గార అడ్డం ఉండి ఆ సంగతి తెలియలేదు. తీశాక బయటపడింది. వాపు తగ్గితే చిగుళ్ళు గట్టిపడతాయి.”

“మంచి క్రిముల బిళ్ళలు అమ్ముతున్నారు. అవి చప్పరిస్తే చాలదా?”

“చాలదమ్మా. బిళ్ళ గారను కరిగించదు.”

మంచి క్రిములంటే ఏమిటి?

పాలలో తోడు వేస్తే పెరుగు అవుతుంది. ఆ పని చేసేది మేలు చేసే క్రిములే. ఇలాంటి వాటిని ప్రోబయోటిక్స్ అంటారు. తల్లిపాలలో కనపడే ఒక రకం క్రిమితో చప్పరించే బిళ్ళలు చేశారు. గార తీశాక వాటిని ఇచ్చి పరీక్షించారు. కొన్ని పరీక్షల్లో నెత్తురు, సందు ఇంకాస్త తగ్గాయి. కొన్నింటిలో ఏ తేడా లేదు. అందుకే 2020లో ఐరోపా చిగుళ్ళ వైద్యుల సమాఖ్య ఒక సలహా ఇచ్చింది. గార తీసే వైద్యానికి తోడుగా ఈ బిళ్ళలు వాడవద్దు అన్నది.

కలుపు తీయని మడిలో మంచి నారు వేస్తే ఏం లాభం? నోటి సంగతీ అంతే. ముందు గార పోవాలి. డబ్బులు కొద్దిగా ఉంటే బిళ్ళలకు పెట్టవద్దు. గార తీయించుకోవడానికి పెట్టాలి. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో పంటి డాక్టర్లు ఉంటారు. అక్కడ అడగాలి.

పెరుగు, మజ్జిగ మంచి ఆహారం. రోజూ తీసుకోవచ్చు. కాని అవి గారకు మందు కావు.

మనం చేయవలసినవి

1. పొద్దున, రాత్రి పడుకునే ముందు మెత్తటి బ్రష్షుతో తోముకోవాలి.
2. ఇటుకపొడి, బొగ్గుపొడి వాడకూడదు. అవి పళ్ళను అరగదీస్తాయి.
3. నెత్తురు వస్తోందని తోమడం మానకూడదు. మానితే పాచి ఇంకా పెరుగుతుంది.
4. పొగాకు మానాలి. నశ్యం చిగుళ్ళకు రుద్దకూడదు.
5. షుగరు ఉంటే అదుపులో ఉంచుకోవాలి.
6. గార తీయించుకున్నాక మళ్ళీ ఎప్పుడు రావాలో డాక్టరును అడగాలి. రోజూ తోమకపోతే గార మళ్ళీ పడుతుంది.

ఆలోచించండి – చెప్పండి

పాచికీ గారకూ తేడా ఏమిటి?
మీ ఇంట్లో ఎవరికైనా చిగుళ్ళ నుంచి నెత్తురు వస్తోందా?
వారిని డాక్టరు దగ్గరకు ఎప్పుడు తీసుకెళతారు?