తాళపుచెవి కారులో చిక్కినప్పుడు చేయవలసిన పనులు

మన పల్లెలలో నిప్పుడు కార్లు అరుదు కావు. విశాఖపట్టణమునుండి శృంగవరపుకోట మీదుగా అరకు పోవు బాటను అవి యెడతెగక తిరుగుచున్నవి. రైతులును విత్తనములకు, సంతకు, ఆసుపత్రికి వానినే వాడుచున్నారు. తాళపుచెవి లోపల నుండగా తలుపులు పడిపోవుట యెవరికైనను సంభవింపవచ్చును. కావున చేయదగిన పనులను క్రమముగా వివరించుచున్నాము.

మొదట చూడవలసినది

లోపల బిడ్డగాని, వృద్ధులుగాని, రోగిగాని యున్నారా? ఉన్నచో తాళపుచెవికొఱకు వేచియుండరాదు. 2025 మే 18 న విజయనగరము చేరువనున్న ద్వారపూడిలో, ఆడుకొనబోయిన నలుగురు పిల్లలు నిలిపియున్న కారులో నెక్కిరి. తలుపులు పడిపోయెను. వెలికి రాలేక, ఊపిరాడక, నలుగురును మరణించిరి.

ఎండ అద్దములగుండ లోనికి చొచ్చి గద్దెలను కాల్చును; ఆ వేడి వెలికి పోజాలదు. బయట 35 డిగ్రీలున్న దినమున, మూసిన కారులో 10 నిమిషములకే సుమారు 10 డిగ్రీలు హెచ్చును. అద్దము వేలెడు దింపియుంచినను లాభము స్వల్పమే. పిల్లల దేహము పెద్దలదానికంటె 3 మొదలు 5 రెట్లు త్వరగా వేడెక్కును.

కావున వెంటనే అద్దము పగులగొట్టవలెను. ఒకరు ఆ పనిలో నుండగా మఱియొకరు 112 కు గాని 108 కు గాని ఫోను చేయవలెను. ముందటి పెద్ద యద్దమును కొట్టి కాలము వృథా చేయకుడు. దాని రెండు పొరల నడుమ జిగురుపొర యుండుటచే పగిలినను ఊడి రాదు. బిడ్డకు దూరముగా నున్న ప్రక్క తలుపు అద్దమును, నడుమ గాక, మూలయందు గునపపు మొనతో కొట్టవలెను. అది సాధారణముగా చిన్న పలుకులై రాలును. చేతికి తువాలు చుట్టుకొని, ముఖము ప్రక్కకు త్రిప్పుకొనుడు. గునపము లోనికి దూసికొనిపోకుండ పట్టు విడువకుడు.

బిడ్డను నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒడలెల్ల తడిగుడ్డతో తుడిచి విసరవలెను. స్మృతి లేనివారి నోట నీరు పోయరాదు.

లోపల నెవరును లేనిచో

1. తొందరపడక అన్ని తలుపులను, వెనుక సామానుల తలుపును లాగి చూడుడు.

2. ఇంట రెండవ తాళపుచెవి యున్నచో మనిషిని పంపుడు. అద్దము వెలకంటె బస్సుకూలి చౌక.

3. చెవి చేతనుండియు మీట పనిచేయనిచో దానిలోని చిన్న బ్యాటరీ చచ్చియుండవచ్చును. అట్టివానిలో పెక్కింటియందు సన్నని లోహపుచెవి దాగియుండును. దానిని లాగి తలుపు తాళమున త్రిప్పుడు. కొన్ని కార్లలో తాళపు రంధ్రము పిడి చెంత చిన్న మూతక్రింద నుండును.

4. తీగెలు, ఇనుపబద్దలు దూర్చకుడు. తలుపులోని తీగెలు, మరలు చెడును. పనినెఱిగిన తాళములవానిని పిలువుడు. క్రొత్త చెవి కావలసినచో బండి రిజిస్ట్రేషను పత్రమును, మీ గుర్తింపుకార్డును చూపవలసియుండును.

ముందు జాగ్రత్త

రెండవ చెవిని కారులోనే దాచుట విత్తులను పొలములోనే మఱచుట వంటిది, ఇంట భద్రపఱపుడు. చెవి చేతనున్నదని చూచుకొనిన పిదపనే తలుపు మూయుడు. ఇంటిముందు నిలిపిన కారునకు సయితము తాళము వేసి, చెవిని పిల్లలకు అందనిచోట నుంచుడు. వెనుక తలుపు లోపలినుండి తెఱచుకొననిచో ముందు గద్దెలోనికి ప్రాకి హారను మ్రోగింపవలెనని పిల్లలకు నేర్పుడు. అనేక వాహనములలో చెవి లేకున్నను అది మ్రోగును.

ఊరిలో బిడ్డ కనబడనిచో నూతిని, చెరువును వెదకునట్లే, నిలిపియున్న ప్రతి కారును, దాని వెనుక పెట్టెను సయితము తెఱచి చూడుడు. ఈ యొక్క మాటను ఇంటింట చెప్పవలయునని సభ్యులను కోరుచున్నాము.