ఎలుకతోలును వేపాకును

వాన లేని యొక భాద్రపద మాసమున తొమ్మిదవ తరగతికి వేమన పద్యములు చెప్పుచుంటిమి. ఎలుకతోలును ఎన్నాళ్లు ఉదికినను నలుపు వదలదను భావముగల పద్యము ముగియగానే వెనుక బల్లపై గూర్చున్న విద్యార్థి యొకడు లేచి, "అయ్యా, అలవాటైనచో వేపాకు సయితము చేదు తోచదని క్రిందటి వారము వేమనయే చెప్పెను గదా! ఈ రెంటిలో నిజమేది?" అని యడిగెను. తరగతి యంతయు నవ్వెను. "రెండును నిజమే" అని మేము తప్పించుకొంటిమి. అంతలో గంట మ్రోగుటచే మా గౌరవము నిలిచినది. నాడు చెప్పలేని ప్రత్యుత్తరమును ఈ పత్రికా ముఖమున చెప్ప ప్రయత్నింతుము.

ఈ ప్రశ్న చిన్నది కాదు. మనుష్య స్వభావము మారనిదే యైనచో పాఠశాల యేల? ప్రార్థన యేల? కరవు సంవత్సరమున ఇంటిలోని గింజలు తగ్గించుకొని పిల్లవానిని చదువునకు పంపు తండ్రి కష్టమేల?

వేమన మన సీమవాడు. కదిరి చేరువనున్న కటారుపల్లెలో ఆయన సమాధిని నేటికిని జనులు దర్శించుచున్నారు. ఆయన పదునేడవ శతాబ్దమువాడని పలువురి యభిప్రాయము. ఈ పీఠభూమికి సంవత్సరమునకు సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. నైరుతి ఋతుపవనమును పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్య ఋతుపవనము తూర్పు తీరమునుండి ఇంతదూరము వచ్చునప్పటికి డస్సిపోవును. ఇట్టి నేలపై నిలిచి చూచినవానికి మనుష్యుని లోపములు దాచుటకు పచ్చదనమైనను లేదు. లోభి, దొంగ సన్న్యాసి, కులగర్వి, రాతికి మ్రొక్కి యాకొన్నవానిని త్రోలువాడు, వీరిలో నొక్కరినైనను వేమన విడిచిపెట్టలేదు. పండితులు చాలకాలమాయనను లెక్కచేయకుండిరి. 1824లో ఈ పద్యములను సేకరింప మొదలిడి, 1829లో ఆంగ్లానువాదముతో అచ్చువేయించినవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను. మన జిల్లాలోనే పుట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు 1928లో అనంతపురమున వేమననుగూర్చి ఉపన్యాసములిచ్చిరి. పెద్ద తరగతుల విద్యార్థులు ఆ గ్రంథమును తప్పక చదువవలెను.

మనుష్యునిగూర్చి చేదుగా తలంచిన మరియొకడు జర్మను తత్త్వవేత్త షోపెన్‌హౌర్ (1788–1860). ఉపనిషత్తుల లాటిను అనువాదమును నిత్యము చదివి యాదరించిన పాశ్చాత్యుడగుటచే మనకాయన కొంత చుట్టమువంటివాడు. జగత్తునకు మూలము బుద్ధికాదు, గ్రుడ్డి యిచ్ఛ యని ఆయన సిద్ధాంతము. కోరిక తీరనంతవరకు బాధ, తీరినపిదప విసుగు, ఈ రెంటి నడుమ జీవితము గడియారపు లోలకమువలె ఊగుచుండును. మనుష్యుని శీలము పుట్టుకతో వచ్చినది, మారదు. అనగా ఎలుకతోలు పక్షమే!

ఈ లోలకముగూర్చి మాకొక సందేహము కలదు. షోపెన్‌హౌర్ ధనికుడైన వర్తకుని కుమారుడు. తండ్రి యాస్తిపై జీవించినవాడు. మా యూళ్లలో వాన కురిసిన మరునాడు ఎవరికిని విసుగు పుట్టినట్లు మేమెరుగము. నాగలి, గొర్రు, విత్తనపు కాయలు, ఎద్దులు లేనివాడు ఎద్దులున్నవాని యింటికి పరుగు, విసుగునకు తీరికయెక్కడ? అయినను ఆయనయెడ అన్యాయము చేయరాదు. పరుని బాధ తన బాధవలె తోచుటయే నీతికి మూలమని ఆయన వ్రాసిన వ్యాసమును, పోటీకి వచ్చినది అదొక్కటియే యైనను, డెన్మార్కు రాజకీయ విద్వత్సంఘము 1840లో బహుమతికి తగదని త్రోసివేసినది. పండితులును మనుష్యులే యని ఆయన నమ్మకము మరింత బలపడియుండును.

మనుష్యుడు చెడ్డవాడను మాట పుస్తకములోనున్నంతవరకు అంత హాని లేదు. ధాన్యము కొలుచువాని చేతికి వచ్చినప్పుడే చూడవలెను. 1876–78 నాటి ధాత కరవున, మన ప్రాంతమింకను బళ్లారి జిల్లాలో చేరియున్న కాలమున, సర్ రిచర్డ్ టెంపుల్ అను నధికారి కరవు పనులకు వచ్చినవారి కూలిని తగ్గించెను. రోజంతయు శ్రమించిన పురుషునకు సుమారు 450 గ్రాముల ధాన్యమును కొంచెము డబ్బును మాత్రమే! ఎక్కువ యిచ్చినచో అక్కరలేనివారును వచ్చి చేరుదురని దొరతనమువారి భయము. ఇంతతో శరీరము నిలువదని మద్రాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిష్ గట్టిగా వాదించెను. 1877లోనే కూలిని పెంచిరి. ఆలోపల పోయిన ప్రాణములు మరల రాలేదు.

ఇతరుల సోమరితనముగూర్చి టెంపుల్ దొరకు సందేహములుండెను. తన లెక్కగూర్చి లేదు. వేమన చేదు అట్టిది కాదు. ఆయన ప్రతి పద్యము చివర ఎవరిని పిలుచుచున్నాడో గమనింపుడు. తన పేరునే పిలిచి, తన్నే వినుమనుచున్నాడు. తిట్టులో మొదటి పాలు తనదే. అపొస్తలుడైన పౌలు తిమోతికి వ్రాసిన మొదటి పత్రికలో పాపులలో ప్రధానుడను నేనని చెప్పుకొనుటయు ఇట్టిదే. విగ్రహములనుగూర్చిన వేమన పద్యములను పొరుగువారిపై విసరుటకు క్రైస్తవులమైన మనము త్వరగా నేర్చుకొంటిమి. డంబపు భక్తినిగూర్చినవి మన గుడి వాకిటనే నిలిచి చదువుకొనదగినవి.

ఇంతకు విద్యార్థి ప్రశ్న. వేమన పేర చెల్లుచున్న పద్యములన్నియు ఆయనవి కావని పండితులందురు. కావున ఒకదానిని త్రోసివేసి ప్రత్యుత్తరము చెప్పుట సులభము. అట్లు చేయుట మాకిష్టము లేదు. మాకు తోచునదేమనగా, ఎలుకతోలును ఉదుకువాడు వేరొకడు, వేపాకును తినువాడు తానే. పరుని మార్చబూనినవాడు మొదటి పద్యమును, తాను మారదలచినవాడు రెండవదానిని చదువుకొనవలెను. మేము కొంతకాలము తారుమారుగా చదివితిమి. ఉపాధ్యాయ శిక్షణ ముగించి వచ్చిన క్రొత్తలో, లెక్కలురాని యొక బాలుని తండ్రితో, "వీనికి చదువు రాదు" అని చెప్పితిమి. ఆయన వాదింపలేదు. "మీరు చదివినోళ్లు, అయ్యవారూ, మీకు తెలీదా!" అని చేతులు జోడించెను. ఆ యేడు వేరుసెనగ పండలేదు. వారు ఇంటికి తాళమువేసి బెంగుళూరునకు కూలికి పోయిరి, బాలుడును పోయెను. మా మాట లేకున్నను పోయెడివారేమో. తాళముమాత్రము బడికి పోవు దారిలోనే చాలనాళ్లు కనబడెను.

ఈ సంవత్సరపు కంఠపాఠ పద్యముల పట్టికలో రెంటిని ప్రక్కప్రక్కనే వ్రాసితిమి. ప్రశ్నయడిగిన విద్యార్థి ఎలుకతోలు పద్యమును మరునాడే తడబడక అప్పగించెను. వేపాకు పద్యమునకు వారము గడువడిగినాడు, ఇచ్చితిమి.