వేరు చూడకుండా వడ్డించకు

చిన్నీ,

వద్దు. ఎందుకు వద్దంటున్నానో కోపం తెచ్చుకోకుండా చదువు. నువ్వు పంపిన ఫొటోలో పుట్టగొడుగు పైభాగం తప్ప ఏమీ లేదు. తెల్లగా ముచ్చటగా ఉందని తినేస్తారా? పైగా ‘వెండి చెంచా నల్లబడలేదు, వెల్లుల్లి రంగు మారలేదు, పురుగులు కూడా తింటున్నాయి మామయ్యా’ అని మూడు సాక్ష్యాలు! మూడూ చెల్లవు. పుట్టగొడుగు విషానికి వెండితో, వెల్లుల్లితో పనిలేదు. పురుగుకు అరిగింది మనకు అరగాలనీ లేదు. బాగా ఉడికిస్తే పోతుందనే మాటా నమ్మకు. ప్రాణం తీసే అమాటాక్సిన్లు ఎంత మరిగించినా చెడవు.

నేను మొదట అడిగేది, ఎక్కడ మొలిచిందని. తర్వాత, వేరు ఏదని. నువ్వు చోటు చెప్పలేదు, కాడనేమో మధ్యకు తుంచేశావు. బోటనీ మాస్టారి మేనకోడలు చేసే పనేనా?

వెల్దుర్తి, బొల్లాపల్లి అడవి అంచుల్లో మనవాళ్లు వెతికేది చెదపుట్టల దగ్గర లేచేదాన్ని. చెదలు ఎండుటాకులూ కట్టెముక్కలూ తిని, ఆ విసర్జనతో పుట్ట లోపల చిల్లుల గూళ్లు కట్టి, వాటి మీద బూజు పెంచుతాయి. కట్టెను ఆ బూజు మెత్తబరిస్తే చెదలు తింటాయి. దాదాపు 3 కోట్ల ఏళ్ల నాటి సేద్యం అది. వానలు బాగా పడి నేల మెత్తబడ్డాక ఆ బూజే గొడుగు విప్పుతుంది. శాస్త్రం పెట్టిన పేరు టెర్మిటోమైసిస్. చెదల సాయం లేకుండా దీన్ని షెడ్డుల్లో పండించి అమ్మే పద్ధతి ఇంకా రాలేదు.

దాన్ని కత్తితో కోయకు. ముందు చుట్టూ పాము లేదని చూసుకో. ‘నా పుట్టలో వేలు పెడితే కుట్టనా’ అని ఏడు చేపల కథలో చీమ ఊరికే అనలేదు. పుల్లతో మట్టిని నెమ్మదిగా గుల్ల చేసి, కాడ పట్టుకుని నిట్టనిలువుగా లాగు. కిందికి పోయేకొద్దీ సన్నబడుతూ, ఎలుక తోకలా జానెడు వేరు వస్తుంది. గూటి నుంచి పైకి వచ్చిన దారే ఆ వేరు. గొడుగు నడిమిన మొన తేలి ఉంటుంది, మట్టిని పొడుచుకొచ్చేది అదే. తోక లేకుండా కాడ అడుగున ఉబ్బు, దాని చుట్టూ తిత్తి కనిపిస్తే ముట్టుకోకు. వేరు లేనిదాన్ని మీ అత్తయ్య గడప దాటనివ్వదు, నేనూ అంతే.

నీది హాస్టల్ పచ్చికలో దొరికిందైతే క్లోరోఫిల్లమ్ కావచ్చు. తెల్ల గొడుగు మీద గోధుమరంగు పొలుసులుంటాయి, ముదిరితే కింది రేకులు ఆకుపచ్చగా మారతాయి. గొడుగును తెల్లకాగితం మీద రేకులు కిందికొచ్చేలా పెట్టి, గిన్నె బోర్లించు. తెల్లారేసరికి రాలిన పొడి ఆకుపచ్చగా ఉంటే అదే. తిన్న కొద్ది గంటల్లోనే వాంతులూ విరేచనాలూ పట్టుకుంటాయి. లేత గులాబీ పొడి పడితే చెదపుట్టదనడానికి మంచి గుర్తే, కానీ అదొక్కటే చాలదు.

ఇంకోటి. మిరప, పత్తి చేల గట్ల మీద ఎంత మంచిది మొలిచినా వదిలెయ్. మన పల్నాడులో ఆ చేలకు ఎన్ని మందులు కొడతారో నీకు తెలియంది కాదు.

ఇక పంచడం. కారెంపూడి వీరుల ఉత్సవాల్లో ఇప్పటికీ చాపకూడు పెడతారు. బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒకే పంక్తిలో కూర్చోబెట్టాడని గొప్పగా చెప్పుకుంటాం. పంక్తిలో కూర్చున్నవాడు వడ్డించే చేతిని నమ్మి తింటాడు, ఇది ఏమిటని అడగడు. నువ్వొక్కదానివే తింటే నీ ప్రాణంతోనే ఆట. నలుగురికి పెడితే, వాళ్ల తరఫున చూడాల్సిందీ నువ్వే. అందుకే పంచేటప్పుడు పచ్చివే ఇవ్వు, వేరుతో సహా, ఎక్కడ దొరికాయో చెప్పి ఇవ్వు. ఒకటి రెండు వండకుండా కాగితంలో చుట్టి దాచు. కొత్తగా తినేవాళ్లకు రెండు ముక్కలు చాలు. చిన్నపిల్లలకు, కడుపుతో ఉన్నవాళ్లకు అసలు వద్దు.

తిన్న 6 గంటలు దాటాక, ఒక్కోసారి మర్నాటికి, వాంతులు మొదలైతే ప్రమాదం ఇంకా పెద్దది. మధ్యలో ఒక రోజు తగ్గినట్టే ఉంటుంది, ఈలోపు కాలేయం దెబ్బతింటుంది. తగ్గిందిలే అని గదిలో పడుకోకుండా, వెంటనే 108కి ఫోన్ చేసి, దాచినదాన్ని కూడా ఆసుపత్రికి పట్టుకెళ్లాలి.

ఫ్రెండ్స్‌కి మాటిచ్చానంటావు. నరసరావుపేట బజార్లో పాల పుట్టగొడుగులు దొరికితే కొని వండి పెట్టు, మాట దక్కుతుంది. ఈ వానలకు నాతో రా, తవ్వి చూడ్డానికి మాత్రమే. వచ్చే ఏడు నువ్వే వేరుతో సహా తెచ్చి, నాచేత ఔననిపించుకున్నాక వాళ్లని పిలుద్దువుగాని.

మీ మామయ్య