నాన్నా, మరి మనం కారెందుకు కొన్నాం?

బ్రాంచిలో రోజూ పదిమందికి పొదుపు గురించి చెబుతాం. ఇంట్లో మన పిల్లలతో డబ్బు గురించి ఎప్పుడైనా మాట్లాడుతున్నామా? ఈ ప్రశ్న నాకు నేను వేసుకోవాల్సిన రోజు ఒకటి వచ్చింది.

బదిలీ అయినప్పటి నుంచి నేను ఒక ఊళ్లో, పిల్లల చదువు కోసం కుటుంబం ఒక ఊళ్లో. రెండో, నాలుగో శనివారాలకు ఇంటికి వెళ్తుంటాను. పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి అడిగినప్పుడల్లా వందో, రెండు వందలో పంపేవాణ్ణి. దగ్గర లేననే బాధ అలా కొంత తీరేది. ఆ డబ్బును తను వాళ్లమ్మ ఫోన్‌లోని యూపీఐతో ఖర్చు పెట్టుకునేది. పిన్ ఎవరికీ చెప్పవద్దని కస్టమర్లకు చెప్పే నేను, ఇంట్లో ఆ సంగతే పట్టించుకోలేదు.

ఒక శనివారం పాస్‌బుక్ చూశాను. ఒక్క నెలలో 43 చిన్న చిన్న చెల్లింపులు. బేకరీ, జ్యూస్ షాపు, మళ్లీ బేకరీ. మొత్తం 2,870 రూపాయలు. కోపం ఆపుకోలేక కేకలేశాను.

"మీ నాన్న బ్యాంకు మేనేజర్ కదా, నువ్వే ఇవ్వు అంటారు నాన్నా. ఇవ్వకపోతే పిసినారి అంటారు" అంది కళ్లనీళ్లతో.

"నలుగురూ ఏమనుకుంటారోనని ఖర్చు పెట్టకూడదమ్మా" అన్నాను.

"మరి మనం కారెందుకు కొన్నాం? నీతో ఉద్యోగంలో చేరినవాళ్లందరూ కొన్నారని అమ్మతో అన్నావుగా!"

నా దగ్గర జవాబు లేదు. ఎంబీఏలో వినియోగదారుల మనస్తత్వం ఒక సబ్జెక్టుగా చదివాను. మంచి మార్కులే వచ్చాయి. కానీ ఆ పాఠం నా ఇంటికీ వర్తిస్తుందని అప్పటిదాకా తట్టలేదు.

మా నాన్నగారు అప్పుల గురించి మాకు ఎప్పుడూ చెప్పలేదు. నెలాఖరులో ఇంట్లో మాటలు తగ్గిపోయేవి, అంతే. డబ్బు అంటే దాచిపెట్టాల్సిన విషయమని అలా నేర్చుకున్నాను. తెలియకుండానే మా అమ్మాయికీ అదే నేర్పాను. కారు కొన్నట్టు తనకు తెలుసు, నెలనెలా కట్టే వాయిదా ఎంతో తెలియదు. ఆ రాత్రి ముగ్గురం కూర్చున్నాం. ముందు నా తప్పు ఒప్పుకున్నాను. తర్వాత ఈ నాలుగు పనులు మొదలుపెట్టాం. మీ ఇంట్లోనూ ప్రయత్నించవచ్చు.

మొదటిది, తీర్పు లేని లెక్క. ఒక నోటుబుక్‌లో ప్రతి ఖర్చు పక్కన మూడు ప్రశ్నలు: ఇది అవసరమా? కొనేముందు మనసులో ఏముంది? వారం తర్వాత ఏమనిపించింది? ఒక పేజీ అమ్మాయిది, ఒకటి మాది. పెద్దవాళ్లు రాయకపోతే పిల్లలకు అది తనిఖీలా అనిపిస్తుంది. మొదటి నెల మా అమ్మాయి "మనసులో ఏముంది" అన్నచోట ఎక్కువసార్లు రాసిన మాట 'మొహమాటం'. నా పేజీలోనూ ఆ మాట తక్కువేమీ లేదు.

రెండోది, సొంత ఖాతా. రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, పదేళ్లు నిండిన పిల్లలు తమ సేవింగ్స్ ఖాతాను బ్యాంకు విధించిన పరిమితుల్లో స్వయంగా నిర్వహించుకోవచ్చు. ఆ ఖాతాలో ఓవర్‌డ్రాఫ్ట్‌కు వీలుండదు. కాబట్టి ఉన్నంతలోనే ఖర్చు పెట్టడం అలవాటవుతుంది. అడిగినప్పుడల్లా ఇచ్చే బదులు ఒకటో తేదీన 1,500 వేస్తున్నాం. మొదటి నెల 19వ తేదీకే అయిపోయింది. మళ్లీ వేయకుండా ఉండటం తనకన్నా నాకే కష్టమైంది. కానీ పొరపాటు జరిగేది వందల్లో ఉన్నప్పుడే జరగనివ్వాలి.

మూడోది, వడ్డీ ఎలా పెరుగుతుందో తెలుసుకోవడం. 72ను వడ్డీ రేటుతో భాగిస్తే సొమ్ము సుమారుగా ఎంత కాలానికి రెట్టింపవుతుందో తెలుస్తుంది. ఏడాదికి 6 శాతం చక్రవడ్డీ మీద దాచుకుంటే పన్నెండేళ్లు. క్రెడిట్ కార్డు బాకీ మీద నెలకు 3.5 శాతం పడుతుంటే, ఏమీ కట్టకుండా వదిలేసిన అప్పు దాదాపు 20 నెలల్లోనే రెట్టింపు. ఈ లెక్క మా అమ్మాయి తనే చేసి, కాసేపు మాట్లాడలేదు. తర్వాత కారు వాయిదా కాగితాలు అడిగింది. మొత్తం ఎంత వడ్డీ కడుతున్నామో దాచకుండా చూపించాను.

నాలుగోది, అడిగిన ప్రతిదానికీ సరే అనకపోవడం. ఇది ఒక్క ట్రీట్లతో ఆగదు. "నీ ఖాతాలో కొంత డబ్బు వేస్తాం, తీసి ఇస్తే కమీషన్ ఇస్తాం" అని విద్యార్థులను అడిగే మోసగాళ్లు ఉన్నారు. ఖాతాను అలా అరువిస్తే పోలీసు కేసుల్లో ఇరుక్కుంటారు. బేకరీ ముందు స్నేహితులకు కాదని చెప్పలేని పిల్లలు అక్కడ మాత్రం ఎలా చెప్పగలరు? ఒకవేళ మోసపోతే తిడతారని దాచకుండా వెంటనే మనకు చెప్పాలి, 1930కి ఫోన్ చేయాలి. ఆ ధైర్యం పిల్లలకు ఇవ్వాల్సింది మనమే.

మూడో నెలలో మా అమ్మాయి స్నేహితులతో "ఇకపై ఎవరిది వాళ్లే ఇచ్చుకుందాం" అంది. ఒక అమ్మాయి మాట్లాడటం మానేసింది. రెండు రోజులు దిగులుగా ఉంది. నేను ఆ శనివారం ఇంటికి వెళ్లి, డబ్బేమీ ఇవ్వకుండా, తనతో కలిసి సాయంత్రం నడిచాను. దారిలో తనే అంది: "నాన్నా, కొత్త ఫోన్ కొంటానన్నావుగా, నీ పేజీలో రాశావా?"

రాశాను. అవసరమా అన్నచోట ఇంకా ఖాళీగానే ఉంది. ఫోన్ కొనడం ప్రస్తుతానికి వాయిదా వేశాను.

వచ్చే ఆదివారం మీ ఇంట్లోనూ ఒక నోటుబుక్ తెరవండి. మొదటి పేజీ మాత్రం మీరే రాయండి.