కల్చర్ ట్యూబు దగ్గరా, ఉద్దానం తోటల్లోనూ పరిశోధనే

ఈ-కొలై బ్యాక్టీరియా అన్నీ అనుకూలిస్తే ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. క్షయ క్రిమికి దాదాపు ఒక రోజు పడుతుంది. అందుకే గుడ్డుతో చేసిన ఎల్‌జే మీడియం మీద కళ్లె నమూనా వేసిన విద్యార్థి, లేత గోధుమ రంగు గరుకు గుట్టలు పైకి తేలేదాకా వారాల తరబడి ఆగాలి. మధ్యలో వేరే క్రిమి చేరిందా, పని మళ్లీ మొదటికొస్తుంది. పైగా ఒంటి నిండా గౌను, ఎన్-95 మాస్కు, లోపలి గాలి వడకట్టకుండా బయటికి పోని బీఎస్‌ఎల్-3 (బయోసేఫ్టీ లెవెల్-3) గది. వ్యాధుల మీద పీహెచ్‌డీ చేయాలనుకునేవారు ముందు తెలుసుకోవాల్సింది ఈ రోజువారీ పనినే.

అంటువ్యాధులు, దీర్ఘకాలిక వ్యాధులు సిలబస్‌లో వేర్వేరు అధ్యాయాలు. రోగి ఒంట్లో మాత్రం కలిసే ఉంటాయి. షుగర్ ఉన్నవారికి టీబీ ముప్పు రెండు మూడు రెట్లు ఎక్కువ. దేశంలో షుగర్ ఉన్నవారు 10.1 కోట్లని 2023లో ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం లెక్కగట్టింది. హెపటైటిస్-బి కాలేయ క్యాన్సర్‌కు దారి తీయొచ్చు. అంటువ్యాధి, దీర్ఘకాలిక వ్యాధి కలిసే చోటే ఇప్పుడు మంచి ప్రశ్నలున్నాయి.

ల్యాబ్ గిట్టనివారికీ ఈ రంగంలో చోటుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటల మధ్య దశాబ్దాలుగా కిడ్నీలు పాడవుతున్నాయి. షుగర్, బీపీ లేనివారికీ జబ్బు వస్తోంది. తాగునీటిలోని సిలికా, భార లోహాలు, పురుగుమందులు, ఎండలో చాకిరీ, జన్యువులు... అనుమానాలు ఎన్నో, అసలు కారణం ఇంకా తేలలేదు. ఇంటింటికీ తిరిగి రక్తం, మూత్రం సేకరించేవారు, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ విలువలు ఏళ్ల తరబడి నమోదు చేసేవారు, బోరు నీటిని పరీక్షించే కెమిస్ట్రీ విద్యార్థి, ఆ అంకెల్లో అర్థం వెతికే స్టాటిస్టిక్స్ విద్యార్థి: అందరూ కావాలి. మన ఊళ్ల జబ్బు ఇది. మన పిల్లలు దీని మీద పనిచేయడం ఎంతో అవసరం.

ఇక ఈ రంగంలోకి దారులు. ఎమ్మెస్సీ లైఫ్ సైన్సెస్ చేసినవారికి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) కోసం సీఎస్‌ఐఆర్-నెట్, డీబీటీ-బెట్ వంటి పరీక్షలు. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు రూ.37,000, రెండేళ్లు దాటి ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) అయితే రూ.42,000, హెచ్‌ఆర్‌ఏ అదనం. ఎంబీబీఎస్ విద్యార్థులకు ఐసీఎంఆర్ ఎస్‌టీఎస్ కింద స్వల్పకాలిక ప్రాజెక్టు దొరుకుతుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంపీహెచ్ (ప్రజారోగ్య పీజీ) కోర్సు ఉంది. పీహెచ్‌డీ వద్దనుకుంటే జీనోమ్ వ్యాలీ టీకా కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్, క్లినికల్ ట్రయల్స్ ఉద్యోగాలున్నాయి.

ఫెలోషిప్ గరిష్ఠంగా అయిదేళ్లే. పీహెచ్‌డీ చాలామందికి ఆ గడువు దాటుతుంది. ఈ సంగతి ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి. చేరే ముందు గైడ్ రాసిన పేపర్లు రెండైనా చదవాలి. ఆ ల్యాబ్ సీనియర్లను విడిగా కలిసి, ఇంతకుముందు చేరినవారికి డిగ్రీ ఎన్నేళ్లకు వచ్చింది, ఇప్పుడెక్కడ పనిచేస్తున్నారు అని అడిగి తెలుసుకోవాలి.