పేరు, పలుకుబడి

లింబాయత్, సూరత్

చిరంజీవి వేణుకు పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నీ యుత్తరము అందినది. పుణెలో శిక్షణ ముగియగానే మన డుమాస్ రోడ్డు మీది కార్ల దుకాణమున అమ్మకపు కొలువులో చేరుదువని తెలిసి మీ పెద్దమ్మయు నేనును సంతసించితిమి. అయితే జీతభత్యముల ప్రసక్తి యొక్క పంక్తిలో ముగిసి, తక్కిన యుత్తరమంతయు ‘పోర్ష్’ అనవలెనా ‘పోర్షె’ అనవలెనా అను వివాదముతో నిండియుండుట చూచి, పురపాలక సంఘమువారి తెలుగు పాఠశాలలో పిల్లలకు అక్షరములు దిద్దించుచు ముసలివాడనైన నాకు చేయి ఊరకుండలేదు. తోడి విద్యార్థి యొకడు ‘రెనాల్ట్’ అనగా తరగతియంతయు నవ్వెననియు, అతడు మరునాడు పాఠమునకు రాలేదనియు వ్రాసితివి. ఆ నవ్వు నాకు నచ్చలేదు. కాని నవ్వినవారి వాదములో సత్యమెంత గలదో ముందు తూచి చూడవలెను.

సత్యము లేకపోలేదు. పోర్షె యనునది ఫెర్డినాండ్ పోర్షె యను ఇంజనీరు ఇంటిపేరు. జర్మను భాషలో పదము చివరి ఎకారము నోట మిగులును గనుక రెండక్షరములుగా పలుకుటయే ఆ యింటివారి వాడుక, అచ్చుతో ముగియు మాటలకు అలవడిన మన తెలుగునోటికి అది కష్టమును కాదు. 1899లో రెనో సోదరులు ఫ్రాన్సున స్థాపించిన సంస్థ పేరులో తుది హల్లులు వ్రాతలో నిలిచి నోట అణగిపోవును. షెవ్రోలేయు అట్టిదే; అది అమెరికా బండియైనను దానికి పేరిచ్చిన లూయీ షెవ్రోలే స్విట్జర్లాండున పుట్టినవాడు. 2017 వరకు ఆ బండ్లు మన గుజరాతులోనే, హాలోల్‌లో, తయారగుచుండినవి. చెక్కు దేశపువారు సకారము నెత్తిన చిన్న కొక్కెము నుంచి ‘ష్కోడా’ యందురు. పుష్కరమును, శుష్కమును అనాయాసముగా పలుకు మనము ‘స్కోడా’ యనుటకు ఇంగ్లీషు అచ్చులో ఆ కొక్కెము రాలిపోవుట తప్ప వేరు కారణము కనబడదు.

ఇక్కడనే నీవు గట్టిగా పట్టుకొనవలసిన సంగతి యొకటి కలదు. మన శిక్షణశాలలలో సరియైన ఉచ్చారణమని చెలామణి యగుచున్నది చాలచోట్ల ఇంగ్లీషువాని ఉచ్చారణము మాత్రమే. 2014 దీపావళికి మన సూరత్ వజ్రవ్యాపారి సావ్‌జీ ఢోళకియా తన పనివారికి 491 ఫియట్ పుంటో కార్లు బహూకరించి దేశమంతట వార్తకెక్కెను గదా. ఆ పండుగనాళ్ళలో వరాఛా రోడ్డున ‘పుంటో’ మాట వినబడని టీకొట్టు లేదు. ఇటలీవారి తకారము నాలుకకొన పైపండ్లకు తగిలి పుట్టునది, అనగా అచ్చముగా మన ‘త’. వారు పలుకునది ‘పుంతో’. ఇంగ్లీషువాని ‘టి’ మన తకారమును కాదు, మన టకారమును కాదు, నడుమ ఎక్కడనో పుట్టును. దానిని మన చెవి టకారముగా పట్టుకొన్నది. గుజరాతీలకును తెలుగువారికిని త, టలు రెండును వేరువేరుగా ఉండగా, ఫ్రాన్సునుండియు ఇటలీనుండియు జపానునుండియు వచ్చిన దంత్య తకారములన్నియు ఇంగ్లీషు గుమ్మమున దూరి వచ్చుటచేత మన యింట టకారములై కూర్చున్నవి. 2021లో మన విపణికి వచ్చిన సిత్రోయెన్‌ను అందరును ‘సిట్రోయెన్’ అనుటయు ఇట్టిదే. ఆ పేరున ఎకారము మీద రెండు చుక్కలుండును; ముందున్న ఒకారముతో కలిసిపోక వేరుగా పలుకుమని వాని ఆజ్ఞ. రెండచ్చులు సంధి లేక పక్కపక్కన నిలిచినపుడు నడుమ యకారము వచ్చుటను చిన్నయసూరి యడాగమమనెను. ‘సిత్రో’ ‘ఎన్’లను కలిపి యకారముతో వ్రాయు తెలుగు పత్రికలవాడు తాను వ్యాకరణము పాటించుచున్నట్లు ఎరుగడు.

మెర్సిడీజ్ ముచ్చట ఇంకను రుచికరమైనది. 1900 ప్రాంతమున డైమ్లర్ బండ్లను ధనికులకు అమ్ముచుండిన ఎమిల్ యెల్లినెక్ అను ఆస్ట్రియా వర్తకుడు తన కూతురు మెర్సెడెస్ పేరు వానికి పెట్టించెను. 1902లో అది వ్యాపారనామముగా నమోదైనది. పేరు స్పెయిను దేశపుది, పిల్ల ఆస్ట్రియా కుటుంబమువారిది, బండి జర్మనులది. పుట్టింట ఒక తీరున, మేనమామయింట ఒక తీరున, అత్తవారింట మరియొక తీరున పిలువబడు ఆడుబిడ్డవలె ఆ పేరు స్పెయినువారి నోట నాలుక పండ్ల నడుమకు వచ్చిన థకారముతోను, జర్మనుల నోట దంత్య చకారముతోను, ఇంగ్లీషువారి నోట సకారముతోను పలుకుచున్నది. జర్మనుల ఆ ధ్వని మన ‘ౘలి’, ‘ౘాప’లలోని దంత్య చకారమే, బ్రౌన్ దొర తన నిఘంటువులో దానికి ప్రత్యేకమైన గుర్తును కూడ పెట్టెను. అయితే మన భాషలో దంత్య చకారము అకార ఉకార ఒకారముల ముందే కాని ఇకార ఎకారముల ముందు నిలువదు. ‘చెలి’, ‘చిలుక’ అని పలికి చూడుము, నాలుక దానంతట అదియే వెనుకకు జరుగును. కావున ‘మెర్ౘేడెస్’ అనుటకు తెలుగు నాలుక మొరాయించిన అది అజ్ఞానము కాదు, భాషాధర్మము. అదే నియమమున సుౙుకిలోని దంత్య జకారము ఉకారము ముందుండుటచేత, ‘ౙున్ను’ తిన్న ప్రతి తెలుగువాడును, శిక్షణశాలకు పోకయే, దానిని జపానువానికి దాపుగా పలుకును. నీవు ఈ రెండు పేర్లను మీ అధ్యాపకుని యెదుట చదివి వినిపించి, ఆయన ఏమనునో నాకు వ్రాయుము.

సుౙుకి పేరు వచ్చినది గనుక మగ్గముల ఇంట పుట్టిన నీకు చెప్పకుండ ఉండలేని విషయమొకటి యున్నది. మిచియో సుౙుకి 1909లో హమామత్సున మొదలుపెట్టినది కార్ల కర్మాగారము కాదు, మగ్గముల కర్మాగారము. టొయోటా మూలపురుషుడు సాకిచి టొయోడాయు మగ్గములను నిర్మించినవాడే. 1924లో అతడు సిద్ధపరచిన స్వయంచాలక మగ్గమున నాడెలోని నూలు అయిపోయినపుడు మగ్గమాగక, పరుగులోనే పాత నాడె తొలగి క్రొత్త నాడె వచ్చి చేరెడిది. పగలును రాత్రియు సాంచాల, అనగా మరమగ్గముల, మధ్య నిలిచి తెగిన పోగులతికిన మీ తాతకు దీని విలువ ఒకరు చెప్పనక్కరలేదు. ఆ మగ్గపు హక్కులను 1929లో ఇంగ్లండులోని ప్లాట్ బ్రదర్స్ కంపెనీ కొన్నది. సాకిచి కుమారుడు కియిచిరో కార్ల నిర్మాణమునకు దిగెను. 1936లో వారు తమ యింటిపేరులోని దకారమును తకారము చేసి ‘టొయోటా’ యనుకొనిరి. ఆ రూపమును జపాను లిపిలో వ్రాయుటకు ఎనిమిది గీతలు చాలుననియు, ఎనిమిది శుభసంఖ్య యనియు వారి తలంపు. మన వ్యాకరణమున ద్రుతము మీది పరుషము సరళమగును. అక్కడ సరళము పరుషమైనది, అదియు సూత్రముచేత గాక యజమాని యిష్టముచేత! తన యింటిపేరును తానే మార్చి పలికినవానిని దిద్దుటకు ఎవరికి అధికారమున్నది? జపానువారు దానిని దంత్యముతో ‘తొయోత’ యందురు, మనము టకారములతో అందుము, బండి మాత్రము రెండుచోట్లను నడచుచున్నది.

నీవు పుట్టిన యీ యూరినే తీసికొనుము. గుజరాతీ వ్రాతలో దీని తొలి యక్షరము హ్రస్వము; మనము దీర్ఘమిచ్చి సూరత్ అందుము; అసలు సూరతీలు సకారమును హకారము చేసి ‘హురత్’ అనుట నీవు చిన్ననాటనుండి వినుచునే యున్నావు. పదునేడవ శతాబ్దమున ఇక్కడ కోఠీ పెట్టిన ఇంగ్లీషువారు పొరుగున నున్న భరూచ్‌ను ‘బ్రోచ్’ చేసిరి, వడోదరను ‘బరోడా’ చేసిరి. ఇన్నేండ్లలో నేను దీర్ఘము పలికినందుకు ఏ రిక్షావాడును నన్ను వేరొక యూర దింపలేదు.

కాబట్టి నా మాట ఇది. మూలోచ్చారణమును శ్రద్ధగా నేర్చుకొనుము. అమ్మువానికి సరకు పేరు తెలియకుండుట తలవంపు. నీ నోట పోర్షె యని, రెనో యని నిస్సంకోచముగా పలుకుము. కాని కతార్‌గామ్ నుండియో వరాఛానుండియో వచ్చిన శేఠ్, చిన్ననాడు వజ్రములకు సాన పట్టి నేడు సొంత కర్మాగారమునకు అధిపతియైనవాడు, ‘పోర్ష్ చూపుము’ అనినచో మారుమాటాడక బండి చూపుము. నీ పలుకు విని ఆయన ఒకక్షణము తడబడినట్లు తోచెనా, ఆ పూటకు ఆయన రూపమునే నీవును వాడుము, జర్మనులు కినియరు. ‘బీఎండబ్ల్యూ’ను జర్మనులవలె ‘బే ఎం వే’ యని సూరత్‌లో పలుకువాడు మాత్రము పండితుడు కాడు, బేరము చెడగొట్టువాడు. జర్మనులే మన దేశపు ప్రకటనలలో దానిని ఇంగ్లీషు అక్షరములతో చెప్పించుచుండగా మనకేల ఆ భేషజము? ఎవడైన ఆసక్తితో అడిగినచో నీకు తెలిసినదంతయు చెప్పుము. అడుగనివాని నోరు దిద్దకుము. మీ తరగతిలో ఆనాడు నవ్వినవారిలో నీవును ఉంటివో లేదో నీవు వ్రాయలేదు, నేనును అడుగను. ఆ పిల్లవాడు తిరిగి తరగతికి వచ్చుచున్నాడా? రానిచో అతని గదికి పోయి పిలుచుకొని రమ్ము, ఈ యుత్తరము కూడ చదివి వినిపింపుము.

మీ శిక్షణశాలవారు ఇచ్చిన పేర్ల పట్టిక నాకొకటి పంపుము. లింబాయత్, పర్వత్ పాటియాల నుండి మన పిల్లలు ఇంకను కొందరు ఈ కొలువులకు పోవుచున్నారు. వారికొరకు దానిని దంత్య చకార జకారముల గుర్తులతో సహా తెలుగు లిపిలో వ్రాసి ఉంచెదను.

ఇట్లు,
మీ పెదనాన్న